నాలుగు ముక్కల నవల

పుస్తకాన్ని బ్లేడుతో కోయడం పాపమని మీకెవరైనా చెబితే నమ్మండి. పాపమే. ఆ పాపం మా యూనిట్‌లో నా కళ్లముందే జరిగేది. నేను ఆపలేదు సరికదా, కోసిన ముక్కలు ఊడిపోకుండా చుట్టడానికి టేపు కూడా నేనే ఇచ్చేదాన్ని.

ఎల్బీనగర్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి మూడో అంతస్తులో డయాలసిస్ యూనిట్‌కి ఇన్‌ఛార్జి సిస్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పమంటారు. వాళ్లకి కావలసింది ఆగిన గుండె మళ్లీ కొట్టుకున్న కథ. అలాంటివి నా దగ్గర లేకపోలేదు. కానీ అవన్నీ ఒకేలా ఉంటాయి. పరుగు, అరుపులు, చెమట, ఆ తర్వాత టీ. నాకు నిజంగా గుర్తుండిపోయిన రోజు మాత్రం ఒక పాత నవల చుట్టూ తిరుగుతుంది. ఆ నవల పేరు కూడా ఇప్పుడు గుర్తులేదు. గుర్తుండకపోవడం దాని తప్పే, నాది కాదు.

ముందు కోయడం ఎందుకో చెప్పాలి. కిడ్నీలు పనిచేయని మనిషి వారానికి మూడుసార్లు వచ్చి, వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోవాలి. ఒక చేతికి రెండు సూదులు. ఆ చెయ్యి కదపకూడదు, కదిపితే మిషను గోల పెడుతుంది. ఇక మిగిలేది ఒక్క చెయ్యి. మూడువందల పేజీల నవలని ఒంటిచేత్తో ఎత్తిపట్టుకుని, అదే చేత్తో పేజీలు తిప్పుతూ పడుకుని చదవడం ఎలా ఉంటుందో మీరొకసారి ఇంట్లో ప్రయత్నించి చూడండి. పదినిమిషాల్లో పుస్తకం ముక్కుమీద పడుతుంది.

ఉపాయం మా టెక్నీషియన్‌ది. సైదాబాద్ మనిషి. మిషన్లతో ఎక్కువ, మనుషులతో తక్కువ మాట్లాడేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అద్దె పుస్తకాల షాపు మూతపడి నవలలన్నీ తూకానికి అమ్మేస్తుంటే, రెండు గోనెసంచులు ఆటోలో వేసుకొచ్చాడు. ఒక నవల తీసి వెన్ను మీద బ్లేడు పెట్టి నాలుగు ముక్కలు చేశాడు. ఒక్కో ముక్కకి, మేము సూదులు కదలకుండా అంటించే తెల్ల టేపు చుట్టాడు. మా గదిలో నాలుగు మంచాలు. మంచానికో ముక్క.

నేను గట్టిగానే కేకలేశాను. దుమ్ము, పురుగులు, ఇన్ఫెక్షను అంటూ నాకొచ్చిన పాఠాలన్నీ చదివాను. ముక్కలన్నిటినీ ఎండలో ఆరబెట్టించి దులిపించాకే లోపలికి రానిచ్చాను.

"గిది సరే, మూడో ముక్క ఒచ్చినోళ్లకు ముందు కథ తెల్వకుండ ఎట్ల సమజైతది?" అని అడిగాను.

"పరేషాన్ గాకు సిస్టర్. గీ నవలలు ఏడికెల్లి మొదలువెట్టినా సమజైతయి" అన్నాడు.

వాడన్నది నిజమే. ఒకరు మూడు, రెండు, నాలుగు, ఒకటి అని చదివేవారు. ఇంకొకరు చివరినుంచి మొదటికొచ్చేవారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. డబ్బున్న కోపిష్టి మగవాడు, అభిమానం గల బీద పిల్ల, మధ్యలో ఒక పాపిష్టి అత్త, ఒక అపార్థం, ఒక వాన, ఒక జ్వరం, చివర పెళ్లి. ముక్క ఏదైనా, మీరు కథలో ఎక్కడున్నారో రెండో పేజీలో తెలిసిపోతుంది. మా కాలనీ సందుల్లో కొత్తవాళ్లు దారి తప్పుతారేమో గానీ ఆ నవలల్లో ఎవరూ తప్పరు.

మంగళ, గురు, శనివారాల పొద్దుటి షిఫ్టులో ఉండేవాళ్లు నలుగురు. కిటికీ పక్కన ఎప్పుడూ నిద్రపోయే ఒక పెద్దావిడ. వనస్థలిపురం నుంచి వచ్చే రిటైర్డ్ బస్సు కండక్టరు. రెండో మంచం మీద మేమంతా చీరలక్క అని పిలిచే ఆవిడ. పుట్టిల్లు పోచంపల్లి, మగ్గాల ఇల్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో మొగుడితో కలిసి చీరల షాపు నడిపేది. ఈ నవలలంటే పడిచచ్చేది. ఆవిడకొక అలవాటు. కొత్త పుస్తకం కోసీ కోయగానే ముందు నాలుగో ముక్క లాక్కుని చివరి పేజీలు చూసేది. చూసి, "ఆఁ, ఠీక్ ఉన్నది" అని పక్కన పెట్టి, తాపీగా మొదటి ముక్క అడిగేది. చీర కొనేముందు కొంగు విప్పి చూడరా అనేది.

నాలుగో మంచానికి కొత్తగా వచ్చినాయన రిటైర్డ్ తెలుగు లెక్చరరు. కోస్తా నుంచి వచ్చి చాలాకాలంగా వనస్థలిపురంలో స్థిరపడ్డాడు. భార్య పోయింది. ఒక్క కూతురు, పెళ్లి కాలేదు, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేది. పొద్దున్నే తండ్రిని స్కూటీ మీద దింపి, క్లాసుకి పోయి, మధ్యలో పరుగెత్తుకుంటూ వచ్చి తీసుకెళ్లేది.

మొదటిరోజే ఆయన చేతిలో టెక్నీషియన్ ఒక ముక్క పెట్టాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేమిటండీ? పుస్తకాన్నిలా నరికారేమిటి?"

"ఒక్క చేతితోని పట్టనీకె సార్."

"ఎక్కణ్నించి చదివినా అర్థమయ్యే పుస్తకం అసలు పుస్తకమే కాదయ్యా" అని ముక్కని దుప్పటి మీద పడేశాడు. "చదివాక మన లోపల ఏదో ఒకటి అటుదిటు కావాలి. ఇవి చదివితే ఏమవుతుంది? చదవకముందు ఎలా ఉన్నామో అలానే ఉంటాం."

చీరలక్క ఊరుకునే రకం కాదు. "సార్, షాపుల పొద్దుగాల ఎవరొస్తరో తెల్వది. ఇక్కడ పడుకుంటె బీపీ ఎప్పుడు పడిపోతదో తెల్వది. గీ ఒక్క పుస్తకంల అన్న ఏమైతదో ముందే తెలిస్తె మీ సొమ్మేం బోయింది?"

ఆయన కళ్లద్దాలు తీసి ఆవిడవైపు చూశాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. కానీ ఆయన మొహంలో కనబడింది కోపం కాదు. చాలా ఏళ్ల తర్వాత క్లాసులో ఎవరో చెయ్యెత్తితే మాస్టర్లకి కలిగే సంతోషం.

నాలుగు గంటలు ఎంత పొడుగో మిషను పక్కన పడుకున్నవాళ్లకే తెలుసు. రెండోవారానికి లెక్చరరు గారు ముక్క చేతిలోకి తీసుకున్నాడు. వెక్కిరించడానికే తీసుకున్నానన్నాడు. చదువుతూ మధ్యలో ఆగి, "ఇప్పుడు వాన వస్తుంది చూడండి" అనేవాడు. పేజీ తిప్పితే వాన వచ్చేది. "ఈ పిల్లకి రేపు జ్వరం" అనేవాడు. జ్వరం వచ్చేది. కండక్టరు పకపకా నవ్వేవాడు. నిద్రపోయే పెద్దావిడ కూడా ఒక కన్ను తెరిచి "ఒచ్చిందా జరం?" అని అడిగి మళ్లీ మూసుకునేది.

మెల్లగా ఆయన ప్రశ్నలేయడం మొదలుపెట్టాడు. ఈ హీరో చేసే ఉద్యోగమేమిటి, ఒక్కసారైనా పనికి పోగా చూశారా? ఇంతమంది తింటున్నారే, వండుతున్నదెవరు? కథలో ఏదైనా జరిగితే అది ఎవరికి అక్కరకొస్తోందో చూడండి, అనేవాడు. పాత్రకి అక్కరైతే అది కథ. రాసేవాడికి అక్కరైతే అది సులువు దారి. ఈ మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడో, గోడకున్న క్యాలెండరు కూడా అప్పజెప్పగలదు.

చీరలక్క ఈ ఆటకి బాగా అలవాటు పడింది. "నిజమే సార్. గీ పిల్ల సీను సీనుకు చీర మారుస్తది గని, ఒక్క పేజీల గూడ చీర కొనంగ చూడలె. ఊర్కె కట్టుకుంటనే ఉంటది" అంది. ఆరోజు ఆయన కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. నవ్వితే సూది కదిలి మిషను మోగింది. నేను పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ కలిపి తిట్టాను. నిజం చెప్పాలంటే ఆ తిట్టులో కోపం లేదు. అంతకుముందు ఆ గదిలో వినిపించిన శబ్దాలన్నీ మిషన్లవే.

అప్పుడొచ్చింది నేను చెప్పబోయే నవల. ఇందులో బీద పిల్లకి మంచం పట్టిన తండ్రి ఒకడున్నాడు. తండ్రిని వదిలి రాలేనని ఆ పిల్ల హీరోతో పెళ్లికి ఒప్పుకోదు. మొదటి మూడు ముక్కలూ ఈ పీటముడి మీదే నడుస్తాయి. ఈసారి ఆ ముడి ఎలా వీడుతుందో పందెం వేద్దామన్నాడు కండక్టరు. అందరూ మూడు ముక్కలు చదివేదాకా నాలుగోది ఎవరూ ముట్టకూడదు. దాన్ని టెక్నీషియన్ సొరుగులో పెట్టాలి.

పందెం డబ్బు కాదు, ఐసు ముక్క. ఇది మీకు అర్థం కావాలంటే మా పేషెంట్ల దాహం తెలియాలి. వాళ్లు తాగే నీళ్లకి లెక్క ఉంటుంది. చల్లటి గ్లాసెడు నీళ్లు గటగటా తాగడం వాళ్లకి కలలో మాట. అందుకని షిఫ్టు సగంలో ఒక్కొక్కరికి ఒక ఐసు ముక్క ఇచ్చేవాళ్లం. నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని చప్పరించేవారు. ఆ ముక్కని పందెం కాయడమంటే మాటలు కాదు.

మూడు ముక్కలూ అయిపోయిన శనివారం లెక్చరరు గారు తీర్పు చెప్పాడు. "ముసలాయన చచ్చిపోతాడు. రాసి పెట్టుకోండి. ఈ నవలల్లో మంచం పట్టినవాడి పని చచ్చిపోవడమే. వాడు పోతే తప్ప ఆ పిల్లకి దారి దొరకదు."

"చావడు" అంది చీరలక్క.

ఆరోజు ఇంటికి బయలుదేరేటప్పుడు ఆయన నన్ను పక్కకి పిలిచాడు. నాలుగో ముక్క ఇంటికిస్తారా సిస్టర్, చదివి తెస్తాను, ఎవరికీ చెప్పనులెండి అని చిన్నపిల్లాడిలా అడిగాడు. నాకు భలే ముచ్చటేసింది. పుస్తకమే కాదన్న మనిషి చివరి ముక్క ఇంటికి అడుగుతున్నాడు! వెంటనే తీసిచ్చాను.

మంగళవారం ఆయన రాలేదు. ఒంట్లో బాగాలేదని కూతురు ఫోన్ చేసింది. ఒంట్లో బాగాలేకపోతే ఇంకా ముందు రావాలి కదమ్మా అన్నాను. సరే అని పెట్టేసింది. సాయంత్రం నేనే ఆయనకి ఫోన్ చేసి, నీళ్లు చేరతాయి, ఊపిరాడదు, పొటాషియం పెరుగుతుంది, గుండెకి ప్రమాదం అని చెప్పాను. ఆ తర్వాత ధైర్యం కూడా చెప్పాను. ఏం కాదు సార్, అంతా మంచిగైతది.

"సిస్టర్, ఈ వాక్యం ఇప్పటిదాకా ఎన్ని మంచాల దగ్గర చెప్పారు?" అని అడిగాడు ఆయన, ఏ మాత్రం కోపం లేకుండా.

పిల్లలూ, మన వృత్తిలోనూ ఇలాంటి వాక్యాలుంటాయి. మీరూ నేర్చుకుంటారు, నేర్చుకోవాలి కూడా. భయపడ్డ మనిషికి కొత్త మాటకంటే పాత మాటే ఎక్కువ పనికొస్తుంది. కానీ వినేవాడు ఆ మాటని ముందే గుర్తుపట్టేస్తే మాత్రం అది గోడకి కొట్టిన బంతిలా మన దగ్గరికే తిరిగొస్తుంది.

గురువారం పొద్దున వాన. షిఫ్టు మొదలై చాలాసేపయింది. ముగ్గురు మిషన్ల మీద ఉన్నారు, నాలుగో మంచం ఖాళీ. తలుపు తోసుకుని లెక్చరరు గారి కూతురు ఒక్కతే వచ్చింది, తడిసి ముద్దయి. నన్ను చూడగానే ఏడ్చేసింది.

"నాన్నగారు ఇక రానంటున్నారండీ. ఎంత బతిమాలినా వినట్లేదు. నాకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, పెద్ద ఉద్యోగం. నాన్నగారిని వదిలి ఎలా వెళ్లను, వద్దని చెప్పేశాను. ఆయనకి చెప్పనేలేదు. నేను ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నట్టున్నారు. ఇప్పుడేమో నేనుంటే నీకు దారి లేదు, నా పని అయిపోయింది అంటున్నారు. ఆ చిరిగిన పుస్తకం గుండెలమీద పెట్టుకుని కూచున్నారండీ. అది చదివిన దగ్గర్నించీ ఇంతే."

శనివారం నుంచి గురువారం దాకా మిషను లేకుండా ఉండడమంటే మా లెక్కలో నీళ్లు గొంతుదాకా వచ్చినట్టే. ఇంకొక్క రోజు ఆగితే ఆయన వస్తానన్నా తీసుకురావడం కష్టం. డాక్టరుకి చెప్పాను. ఆయన తన సొంత నంబరు నుంచి చేశాడు, అటువైపు ఎత్తలేదు. అంబులెన్సు పంపగలం గానీ, రానన్న మనిషిని మోసుకొచ్చి సూదులు గుచ్చలేం కదా.

రెండో మంచం మీద నుంచి చీరలక్క పిలిచింది. "ఏ పిల్లా, నీ ఫోన్ ఇటు దే. నీ నంబరైతె ఎత్తుతడు."

కూతురు నా వైపు చూసింది. నేను తలూపాను. స్పీకరు పెట్టి ఫోన్ ఆవిడ దిండు పక్కన ఉంచాం. మోగి మోగి చివరికి ఎత్తాడు. ఊపిరి బరువుగా వినిపిస్తోంది.

"సార్, నేను. రెండో మంచం."

"చెప్పమ్మా."

"మా నాలుగో ముక్క ఏదీ?"

"అమ్మాయితో పంపిస్తానమ్మా."

"ఆమె తెస్తె నాకొద్దు. మన పందెం ఉన్నది. మీరొచ్చి చదివి చూపియ్యాలె."

"పందెం నేనే గెలిచాను. ఆయన పోయాడు."

"ఎట్ల పోయిండు?"

"ఎలా ఏమిటమ్మా, ఇలాంటి పుస్తకాల్లో అందరూ పోయినట్టే. కూతురి చెయ్యి తీసుకుని ఆ అబ్బాయి చేతిలో పెట్టి, కళ్లు మూశాడు. ఆ పిల్ల బతుకు బాగుపడింది."

"గట్లనా." చీరలక్క గొంతు మారింది. "మీరే గద చెప్పిన్రు సార్, కథల ఏమన్న అయితె గది ఎవలికి అక్కెరకొస్తదో చూడమని. మరి ముసలాయన పోవుడు ఎవలికి అక్కెర? పిల్లకా? పిల్ల ఇక్కడ నా మంచం కాడ నిలవడి ఏడుస్తున్నది. తడిసిన బట్టలతోనే ఉన్నది. గా పిల్లకు అక్కెర లేదు సార్. గది రాసినాయనకు అక్కెర. పుస్తకం ముగియాలె గద ఆయనకు!"

ఆవిడ ఫోన్ వైపు ఇంకాస్త మొహం తిప్పింది.

"ఇంకొకటి చెప్త వినుండ్రి. పెండ్లి చేసుకోని పొయ్యేటప్పుడు గా పిల్ల వాళ్ల నాయినను గూడ ఎంబడి తోల్కపోతె ఏమాయె? హీరోకు అంత పెద్ద బంగ్ల ఉన్నదంటిరి. ముసలాయనకు ఒక్క అర్ర దొరకదా? గీ ముచ్చట రాసినాయనకు తోచలె. సరే, ఆయనకు తోచలె. ఇంత సదువుకున్న మీకు గూడ తోచలేదా సార్?"

చివరి మాట అంటూ ఆవిడ సూదులున్న చెయ్యే ఎత్తింది. మిషను పెద్దగా మోగడం మొదలుపెట్టింది. నేను పరుగున వెళ్లి చెయ్యి పట్టుకుని కిందకి అదిమాను. "నీకేమన్న బుద్ధున్నదా అక్కా? సూది ఊడితె ఏమైతది!" అని అరిచాను. టెక్నీషియన్ పైపులు చూస్తున్నాడు. కండక్టరు తన మంచం మీంచే "బెంగళూర్ల గూడ మిషన్లున్నయి సార్! గల్లీకొకటి ఉన్నది, మా తమ్ముని కొడుకు చెప్పిండు!" అని ఫోన్ వైపు కేకేశాడు. ఈ గోలంతా స్పీకరులోంచి ఆయనకి వినబడుతూనే ఉంది.

మిషను ఊరుకున్నాక మాకు వినిపించింది మొదట దగ్గు. తర్వాత అది దగ్గు కాదు, నవ్వు అని అర్థమైంది.

"అమ్మాయికి ఫోనివ్వండి" అన్నాడు. కూతురు తీసుకుంది. "స్కూటీ వద్దులే, వాన. ఆటో తీసుకురా" అన్నాడు.

ఆ మాట విన్నాక నేను స్టోర్‌రూములోకి వెళ్లి, సెలైన్ డబ్బాల మధ్య స్టూలు మీద కూచుని కాసేపు ఏడ్చాను. ఎవరూ చూడలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. వెయ్యి ఏనుగుల బలం వచ్చిందంటారే, నాకు అలాంటిదేమీ రాలేదు. స్టూలు మీంచి లేవాలనే అనిపించలేదు, అంతే. సంతోషం కూడా మనిషిని కూలేస్తుందని ఆరోజే తెలిసింది.

ఆయన వచ్చేసరికి పాదాలు వాచిపోయి చెప్పులు పట్టడం లేదు. మాట మాటకీ ఆయాసం. డాక్టరు పక్కనే నిలబడ్డాడు. సూదులు గుచ్చి మిషను మొదలుపెట్టాం. మొదటి గంట మా చూపంతా మిషను మీదే. రెండో గంటకి ఊపిరి కాస్త నెమ్మదించింది, పెదాలకి రంగొచ్చింది. ఈలోగా చీరలక్కకి షిఫ్టు అయిపోయింది. సూదులు తీసినచోట దూది అదుముకుంటూ ఇంటికి పోకుండా ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని కూచుంది. ఇంకొకవైపు కూతురు. కండక్టరు కూడా బస్సు తర్వాత ఎక్కుతానని ఉండిపోయాడు. పెద్దావిడ, తీసుకెళ్లేవాళ్లు ఇంకా రాక, తన మంచం మీదే నిద్రపోతోంది.

"ఏది సార్ ముక్క?" అంది చీరలక్క.

కూతురి సంచీలోంచి తీయించి, ఒంటిచేత్తో పట్టుకుని, కళ్లద్దాలు ముక్కుమీదకి జరుపుకుని ఆయన పైకి చదవడం మొదలుపెట్టాడు. ఎంత బాగా చదివాడనుకున్నారు! ఆ పాపిష్టి అత్త మాటలు ముక్కుతో పలికాడు. కోపిష్టి హీరోకి గొంతు బరువు చేశాడు. వాన వచ్చినచోట ఆగి మావైపు చూశాడు, అందరం నవ్వాం. పెద్దావిడ రెండు కళ్లూ తెరిచింది.

నేను ఆయన వెనక నిలబడి మిషను మీద ప్రెషరు చూసుకుంటున్నాను. ఆ పేజీ నా కళ్లకి ఎదురుగానే ఉంది. అచ్చులో ముసలాయన కూతురి చెయ్యి హీరో చేతిలో పెట్టాడు. ఆ తర్వాతి వరసలో తల వాల్చేశాడు. ఆ తర్వాత పేజీ అంతా ఏడుపు.

లెక్చరరు గారు ఒక్క క్షణం కూడా ఆగలేదు. "అప్పుడు ఆ పెద్దాయన కళ్లు తెరిచి, 'బాబూ, నన్ను కూడా మీతో తీసుకుపోతారా?' అని అడిగాడు" అని చదివాడు. "హీరో ఆశ్చర్యపోయి, 'అదేమిటండీ, ముందుగదిలో మీ మంచం ఎప్పుడో వేయించాను' అన్నాడు." అలా ఇంకో రెండు పేజీలు చదివాడు, చక్కగా ఆ నవల భాషలోనే, ఆ నవల ఎక్కడెక్కడ పూలు చల్లుతుందో అక్కడక్కడే చల్లుతూ. ఆ ముందుగదికి కిటికీ పెట్టాడు. కిటికీలోంచి సన్నజాజి వాసన కూడా రప్పించాడు. జీవితమంతా పిల్లలకి ఇలాంటి రాతల్లో తప్పులు చూపించిన మనిషి, ఒక్క తప్పు కూడా వదలకుండా అన్నీ ప్రేమగా చేశాడు. పేజీ తిప్పాల్సినచోట తిప్పాడు కూడా.

అయిపోయాక ముక్క మూసి, "నేను ఓడిపోయాను" అన్నాడు.

సగం షిఫ్టులో ఇచ్చిన ఐసు ముక్క ఆయన తినకుండా గ్లాసులో ఉంచుకున్నాడని అప్పటిదాకా నేను గమనించలేదు. సగం కరిగిపోయింది. ఆ గ్లాసు చీరలక్కకి అందించాడు. ఐదు రోజులుగా నోరు ఎండిపోయి ఉన్న మనిషి! ఆవిడ వద్దనలేదు. నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది.

కొన్ని నెలలకి తండ్రీకూతుళ్లు బెంగళూరు వెళ్లిపోయారు. అక్కడి యూనిట్‌కి కావలసిన కాగితాలు, రిపోర్టులు నేనే సర్దిచ్చాను. వెళ్లాక ఆయన ఫోన్ చేసి, ఇక్కడ ఇంకా పుస్తకాల్ని నరకడం మొదలుపెట్టలేదండీ, చాలా వెనకబడి ఉన్నారు అన్నాడు. మంచి సాహిత్యమంటే ఏమిటో ఆయన అభిప్రాయం మారలేదు, మారాల్సిన పనీ లేదు. ఆ నవల చెత్తేనని చివరిదాకా అన్నాడు. నాకూ అలానే అనిపిస్తుంది. కానీ ఆ చెత్తని అంత జాగ్రత్తగా చదవడం నేర్చుకోకపోయి ఉంటే ఆరోజు ఆ ఫోన్‌లో ఏం చెప్పాలో మాకెవరికీ తెలిసేది కాదు.

ఆరోజు చివరన జరిగింది ఒకటి మిగిలింది. అందరూ వెళ్లాక చీరలక్కని లిఫ్టు దాకా దింపడానికి వెళ్లాను. అప్పుడు తట్టింది నాకు. కొత్త పుస్తకం కోయగానే ఈవిడ చివరి పేజీలు చూడకుండా ఉండదు కదా!

"అక్కా, గా ముసలాయన చచ్చిపోతడని నీకు ముందే తెలుసు గద?"

"కోసిన్నాడే చూసిన" అంది.

"మరి చావడని పందెం ఎందుకు కాసినవ్? తెలిసి తెలిసి ఓడిపోయె పందెం!"

ఆవిడ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "మంచాన పడ్డోడు చస్తడని, గా గదిల గూసోని, నా నోటితోని ఎట్లంట సిస్టర్?"

లిఫ్టు వచ్చింది. లోపలికెళ్లి, తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

"పుస్తకంల ఏమున్నదో నాకు తెల్సు" అంది. "సారు ఏం చదువుతడో అదే తెల్వక, గంట సేపు పానం బిగవట్టుకోని కూసున్న."